లైంగిక సంబంధం ద్వారా అంటుకునే పరాన్నజీవులు: సీమ జిల్లాల్లో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి వచ్చినాయన అడిగేదీ, రాయచోటి నుంచి కడప రిమ్స్‌కి వచ్చినామె అడిగేదీ దాదాపు ఒకటే. ఒక్కోసారి మాటలు కూడా మారవు. కౌన్సెలింగ్‌లో కూర్చునేవాళ్లకు ఈ ప్రశ్నలు కంఠస్థం అయిపోతాయి. అందుకే వాటిని అడిగిన మాటల్లోనే ఒకచోట పెట్టాను. మొదటి నుంచీ చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లండి. ఇది డాక్టరుకు బదులు కాదు. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో, వెళ్లేలోపు ఏం చేయకూడదో చెప్పడానికి.

## అంటుకోక ముందు

పరాన్నజీవులంటే పురుగులా? ఎయిడ్స్ లాంటిదేనా ఇది?

కాదు. ఎయిడ్స్ వైరస్ వల్ల, సెగ (గనేరియా), సవాయి (సిఫిలిస్) లాంటివి బ్యాక్టీరియా వల్ల వస్తాయి. పరాన్నజీవి అంటే మన ఒంటి మీదో లోపలో ఉండి, మన మీదే ఆధారపడి బతికే ప్రాణి. లైంగిక సంబంధంలో ముఖ్యంగా అంటుకునేవి మూడు. మొదటిది ట్రైకోమొనాస్, కంటికి కనబడని ఏకకణ జీవి. ఇది యోనిలోనూ మూత్రనాళంలోనూ ఉంటుంది. రెండోది మర్మాంగాల దగ్గరి వెంట్రుకలు పట్టుకుని ఉండే పేను. మూడోది గజ్జి పురుగు, ఇది చర్మంలో సొరంగం చేసుకుని గుడ్లు పెడుతుంది. మూడింటికీ మందు ఉంది, మూడూ పూర్తిగా నయమవుతాయి. ట్రైకోమొనాస్ అరుదైన జబ్బేమీ కాదు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో కొత్తగా సుమారు 15.6 కోట్ల మందికి సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

నాకు పిల్లల ఆపరేషన్ అయిపోయింది. ఇంక కండోమ్ ఎందుకు మేడం?

అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే, అడగడంలో తప్పూ లేదు. మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ అంటే ఆడవాళ్ల ఆపరేషనే. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో సుమారు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. కండోమ్ వాడకం లెక్కలో కనబడనంత తక్కువ. ఇద్దరు పిల్లలు పుట్టగానే, పాతికేళ్లయినా నిండకుండానే ఆపరేషన్ అయిపోతుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్ల కాపురంలో కండోమ్ మాటే రాదు.

ఆపరేషన్‌లో కట్టేసేది గర్భనాళాలను. ట్రైకోమొనాస్ ఉండేది వాటికి చాలా కింద, యోనిలో. దాని దారికి ఆ ముడి ఏ రకంగానూ అడ్డం కాదు. కాపర్-టీ, మాల-డి మాత్రలు, మగవాళ్ల వేసెక్టమీ కూడా అంతే. గర్భం రాకుండా చూడటం వేరు, జబ్బు అంటకుండా చూడటం వేరు. భార్యాభర్తలిద్దరికీ వేరే సంబంధాలు లేకపోతే, ఇద్దరూ పరీక్ష చేయించుకుని ఏమీ లేదని తేలితే కండోమ్ అక్కర్లేదు. ఆ మాట ఖాయంగా చెప్పలేని చోట మాత్రం కావాలి. నిరోధ్ పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు, ఆశా కార్యకర్తను అడిగినా తెచ్చిస్తుంది.

కండోమ్ వాడితే అన్నీ ఆగిపోతాయా?

ట్రైకోమొనాస్ చాలావరకు ఆగుతుంది. మొదటి నుంచి చివరి దాకా, ప్రతిసారీ వాడితేనే. పేలు, గజ్జి ఆగవు. అవి ఉండేది కండోమ్ కప్పని చోట: తొడలు, పొత్తికడుపు, వెంట్రుకలు. ఒళ్లూ ఒళ్లూ తగిలితే చాలు. అవతలివాళ్లకు ఒంటి మీద దురదో పొక్కులో ఉంటే కండోమ్ ఉంది కదా అని ధైర్యం చేయొద్దు. చికిత్స అయ్యేదాకా ఆగడమే నివారణ.

బస్టాండు బాత్రూమ్‌కి వెళ్లొచ్చాకే మొదలైంది. అక్కడే అంటుకుందా?

దాదాపు కచ్చితంగా కాదు. ట్రైకోమొనాస్‌కు తడి కావాలి, బయట ఎక్కువసేపు బతకదు. మర్మాంగాల పేను కాళ్లు వెంట్రుకను పట్టుకోవడానికి తగ్గట్టు ఉంటాయి, నున్నటి పింగాణీ మీద నిలవలేదు. అయినా బాత్రూమ్ మీదికి నెట్టేయడం మనుషులకు తేలిక. దాన్ని నేను తప్పుపట్టను, ఇంట్లో చెప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా. డాక్టరు దగ్గర మాత్రం అసలు విషయం చెప్పండి, మందు సరిగ్గా పడుతుంది.

కలిసిన వెంటనే డెటాల్‌తో కడుక్కుంటే ఏమీ అంటదంట కదా?

అబద్ధం, పైగా హాని. యోనిలో మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుంది, అదే అక్కడ ఆమ్లాన్ని కాపాడుతుంది. డెటాల్, సబ్బు, నిమ్మరసం లోపలికి పోస్తే అది చస్తుంది, జబ్బుకు దారి ఇంకా తేలికవుతుంది. బయట మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. వెంటనే మూత్రానికి పోవడం మంచి అలవాటే, కానీ దానివల్ల ఇవి ఆగవు.

కింద వెంట్రుకలు తీసేస్తే పేలు రావు కదా?

పట్టుకోవడానికి వెంట్రుకలు లేకపోతే అక్కడ పేనుకు చోటు తగ్గుతుంది, నిజమే. కానీ అది తొడలు, కడుపు, చంకలు, గడ్డం, కనురెప్పల మీద కూడా ఉండగలదు. ట్రైకోమొనాస్‌కూ గజ్జికీ వెంట్రుకలతో పనే లేదు. బ్లేడు గీతలు పడితే వేరే ఇన్ఫెక్షన్లకు అదొక దారి. తీయడం మీ ఇష్టం, రక్షణ అని మాత్రం అనుకోవద్దు.

నోటితో చేస్తే కడుపులోకి పురుగులు పోతాయా?

మలద్వారం దగ్గర నోరు తగిలితే పోవచ్చు. అమీబియాసిస్, జియార్డియాసిస్ కలిగించే జీవులు మలంలో బయటికొస్తాయి. కంటికి కనబడనంత మలం నోట్లోకి పోయినా చాలు. తర్వాత నీళ్ల విరేచనాలు, గ్యాస్, కడుపునొప్పి, అమీబా అయితే జిగట, రక్తం. ఇది ఆడామగా జంటలకైనా, మగవాళ్ల మధ్యనైనా ఒకటే. ముందే శుభ్రంగా కడుక్కోవడం, మధ్యలో పొడవుగా కోసి విప్పిన కండోమ్‌ను అడ్డం పెట్టుకోవడం, చేతులు సబ్బుతో కడుక్కోవడం పనికొస్తాయి. మలద్వారం నుంచి యోనికి మారేటప్పుడు కండోమ్ మార్చాలి. ఇద్దరిలో ఎవరికి విరేచనాలవుతున్నా ఆగండి, తగ్గాక కూడా కనీసం 2 వారాలు ఆగితే మంచిది.

## అనుమానం వచ్చినప్పుడు

తెల్లబట్ట అవుతోంది. వేడి చేసిందంటారు, నిజమేనా?

మన ఎండలకు ఏమొచ్చినా వేడి అనేస్తాం. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ మొదలవుతాయి. అవి తాగండి, ఒంటికి మంచివే. తెల్లబట్టకు మాత్రం అవి మందు కావు. ఆ పేరుతో నెలలు గడిచిపోవడమే నాకు బాధ.

నెలసరికి మధ్య రోజుల్లో నీళ్లలాగా, సాగుతూ, వాసన లేకుండా అయ్యేది మామూలే. పసుపు, ఆకుపచ్చ రంగులో నురగలాగా అవుతూ, వాసన వస్తూ, మంట, దురద ఉంటే, కలిసినప్పుడు నొప్పి ఉంటే ట్రైకోమొనాస్ కావచ్చు. పెరుగు విరిగినట్టు గడ్డలుగా ఉండి దురద ఎక్కువైతే అది ఫంగస్ వైపు. చేపల వాసనతో పల్చగా, బూడిద రంగులో ఉంటే బ్యాక్టీరియా తేడా. చూసి కచ్చితంగా తేల్చడం డాక్టర్లకే కష్టం, కాబట్టి పక్కింటామెకు తగ్గిన మాత్ర మీకు తగ్గాలని లేదు.

మగవాళ్లకు ఎలా తెలుస్తుంది?

చాలామందికి తెలియదు. అసలు చిక్కంతా అక్కడే. ట్రైకోమొనాస్ సోకినవాళ్లలో ఆడా మగా కలిపి చూస్తే 70 శాతం దాకా ఏ లక్షణమూ ఉండదు, మగవాళ్లలో అది ఇంకా ఎక్కువ. ఉన్నవాళ్లకు మూత్రం పోశాకో, వీర్యం పడ్డాకో మంట, పురుషాంగం లోపల దురద, కొద్దిగా నీరు కారడం. 'నాకేం లేదు, దానికే ఉంది' అనే మొగుడు అబద్ధం చెప్పకపోవచ్చు. ఆయనకు నిజంగానే ఏమీ తెలియకపోవచ్చు. ఏమీ తెలియకుండానే అంటించగలడు కూడా.

రాత్రి పడుకుంటే చాలు దురద. గజ్జా, తామరా, పేనా?

రాత్రిపూట ఎక్కువయ్యే దురద, వేళ్ల సందుల్లో, మణికట్టు, బొడ్డు చుట్టూ, పిరుదులు, మగవాళ్లకు పురుషాంగం మీద చిన్న పొక్కులు, ఇంట్లో ఇంకొకరికి కూడా అలాగే ఉండటం: ఇది గజ్జి. గుండ్రంగా, అంచు ఎర్రగా ఉండి లోపల నయమవుతున్నట్టు కనబడేది తామర. అది ఫంగస్, పరాన్నజీవి పురుగు కాదు. దురద వెంట్రుకల దగ్గరే ఉండి, వెంట్రుక మొదట్లో తెల్లటి చుక్కల్లా అతుక్కున్న గుడ్లు, లోదుస్తుల మీద సన్నటి రక్తపు మరకలు ఉంటే పేలు. మంచి వెలుతురులో చూస్తే నువ్వుగింజ కంటే చిన్నగా, పీతలా కనబడుతుంది. దురద అనగానే మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రాయొద్దు. రెండు రోజులు హాయిగా ఉంటుంది, పురుగు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. తర్వాత డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది.

హాస్టల్లో ఉన్న మా పిల్లాడికి గజ్జి. ఏదైనా తప్పుడు పని చేసినట్టా?

కాదు. పిల్లాణ్ని ముందు నిలదీయడం ఆపండి. పెద్దవాళ్లలో గజ్జి లైంగిక సంబంధం వల్ల రావచ్చు, కానీ హాస్టళ్లలో పక్కపక్కన పడుకోవడం, దుప్పట్లు, తువ్వాళ్లు మార్చుకోవడం వల్లే ఎక్కువగా వస్తుంది. వార్డెన్‌కు చెప్పి గదిలో అందరికీ ఒకే రాత్రి మందు రాయించండి. ఒక్కడికే రాస్తే వారంలో మళ్లీ మొదలు.

కనురెప్పల మీద మర్మాంగాల పేను కనబడిన చిన్నపిల్లల సంగతి వేరు. వాళ్లను తప్పకుండా డాక్టరుకు చూపించి, అది ఎలా వచ్చిందో జాగ్రత్తగా ఆరా తీయాలి. పిల్లల మీద ఎవరైనా చేయి వేస్తున్నారన్న అనుమానం ఉంటే చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098.

కలిసిన ఎన్ని రోజులకు బయటపడుతుంది?

ట్రైకోమొనాస్ లక్షణాలు 5 నుంచి 28 రోజుల మధ్య మొదలవుతాయి, కొందరికి చాలా ఆలస్యంగా. పేను గుడ్లు 6 నుంచి 10 రోజుల్లో పిల్లలవుతాయి. గజ్జి మొదటిసారి వచ్చినవాళ్లకు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. ఆ వారాలన్నీ దురద లేకుండానే ఇంకొకరికి అంటిస్తుంటారు. ఇంతకు ముందు గజ్జి వచ్చి ఉంటే ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే తెలిసిపోతుంది.

## పరీక్ష

ఎక్కడికి వెళ్లాలి? నలుగురిలో పరువు పోదా?

కర్నూలు, అనంతపురం, కడప పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉంటుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కింద ప్రభుత్వాసుపత్రుల్లో నడిచే సుఖవ్యాధుల క్లినిక్‌లను సురక్ష క్లినిక్ అంటారు. సలహా, మందులు అక్కడ ఉచితం. ఓపీ చీటీ రాయించేటప్పుడు కౌంటర్లో కథంతా చెప్పక్కర్లేదు, 'చర్మం డాక్టరు' అంటే చాలు. ఆడవాళ్లు స్త్రీల విభాగానికి వెళ్లినా పని అవుతుంది. లేడీ డాక్టరే చూడాలని అడగొచ్చు, తోడుగా ఆడ మనిషిని లోపలికి తీసుకెళ్లొచ్చు.

సొంతూళ్లో తెలిసినవాళ్లు ఉంటారన్న భయంతో నంద్యాల వాళ్లు కర్నూలుకీ, ప్రొద్దుటూరు వాళ్లు కడపకీ వస్తుంటారు. అలా రావడంలో తప్పేం లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని ఆరు నెలలు దాచుకోవడం కంటే బస్సు చార్జీ నయం. ముందు ఫోన్లో అడగాలనుకుంటే 1097 ఉచిత హెల్ప్‌లైన్, పేరు చెప్పక్కర్లేదు.

స్లైడ్ పరీక్షలో ఏమీ లేదన్నారు. ఇంక భయం లేదా?

లేదని పూర్తిగా నమ్మలేం. యోని నుంచి తీసిన స్రావాన్ని చుక్క సెలైన్‌లో కలిపి వెంటనే మైక్రోస్కోప్ కింద పెడితే ట్రైకోమొనాస్ గింగిరాలు తిరుగుతూ కదలడం కనబడుతుంది. ఆ కదలికే దాని గుర్తు. ఆలస్యమైతే కదలిక ఆగిపోతుంది, పక్కనున్న తెల్లకణాల్లో కలిసిపోతుంది. అందుకే ఈ పరీక్ష చాలా కేసులను పట్టుకోలేదు, సగం దాకా జారిపోవచ్చు. మగవాళ్లలో ఇంకా కష్టం. ఆ జీవి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష అయితే చాలా నమ్మకం, కానీ అన్నిచోట్లా ఉండదు. లక్షణాలు ఉంటే డాక్టర్లు స్లైడ్ ఫలితం కోసం ఆగకుండా మందు ఇస్తారు. పరీక్షకు వెళ్లే ముందు రోజు లోపల కడగొద్దు, లోపల పెట్టే మాత్రలేవీ వాడొద్దు.

నాకు పురుగు మాత్రమే. హెచ్ఐవీ పరీక్ష కూడా చేయాలంటున్నారు, ఎందుకు?

ఒకే దారిలో రెండు మూడు రావచ్చు కాబట్టి. ట్రైకోమొనాస్ వల్ల లోపలి పొర వాచి, హెచ్ఐవీ అంటుకోవడం తేలికవుతుంది. మర్మాంగాల పేలు కనబడినవాళ్లకు కూడా మిగతా సుఖవ్యాధుల పరీక్షలు చేయాలన్నది వైద్యుల నియమం. ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ హెచ్ఐవీ సలహా, పరీక్షా కేంద్రంలో, హెచ్ఐవీ పరీక్ష ఉచితం, ఫలితం మీకే చెబుతారు.

## చికిత్స

మెడికల్ షాపులో పేరు చెప్పి మాత్రలు తెచ్చుకుంటే సరిపోదా?

ట్రైకోమొనాస్‌కు వాడేవి మెట్రోనిడజోల్, టినిడజోల్, సెక్నిడజోల్. ఆడవాళ్లకు మెట్రోనిడజోల్ అయితే సాధారణంగా రోజుకు రెండుసార్లు చొప్పున 7 రోజులు. సురక్ష క్లినిక్‌లో తెల్లబట్టకు ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ ఉంటాయి. షాపులో చాలామంది విరేచనాల లెక్కన మూడు రోజుల మాత్రలు కొంటారు, కాస్త తగ్గగానే మానేస్తారు. పైగా సెగ గానీ క్లమీడియా (ఇదీ బ్యాక్టీరియా వల్ల వచ్చే సుఖవ్యాధే) గానీ ఉంటే ఈ మాత్రలు పనిచేయవు. ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నది డాక్టరు చెప్పాలి, ఇచ్చినవన్నీ అయిపోయేదాకా వేసుకోవాలి.

నేను మూడుసార్లు మందు వాడాను, మళ్లీ వస్తోంది. ఆయన రానంటున్నాడు.

మందు పనిచేయకపోవడం అరుదు. ఆయన దగ్గర మిగిలిపోయింది మళ్లీ మీకు వస్తోంది. ఒక వైపు మాత్రమే గట్టు వేసిన మడిలో నీళ్లు నిలవవు, భార్యకొక్కదానికే ఇచ్చే చికిత్స కూడా అంతే. ఇద్దరూ ఒకేసారి వేసుకోవాలి. మొగుడికి లక్షణాలున్నాయా లేవా అన్నది లెక్కలోకే రాదు.

రానంటే ఏం చేయాలి? మూడు దారులు చెబుతాను. మొదటిది, క్లినిక్‌లో భాగస్వామి కోసం చీటీ అడగండి, ఆయన ఏ ప్రభుత్వాసుపత్రికైనా తీసుకెళ్లొచ్చు. రెండోది, ఆయన మందు కూడా మీ చేతికే ఇవ్వగలరేమో డాక్టరును అడగండి. జంటకు కలిపి చికిత్స చేయడం మామూలే. ఆయనకు ఏవైనా మందులు పడకపోవడం ఉంటే ముందే చెప్పండి. మూడోది ఇంటికి సంబంధించింది: 'నీవల్లే వచ్చింది' అని మొదలుపెట్టకండి. 'డాక్టరు ఇద్దరినీ వేసుకోమంది, లేకపోతే నాకు తగ్గదంట' అనండి. నేను చూసినంతలో ఈ మాటకు కరిగిన మగవాళ్లు ఎక్కువ. ఆయన వేసుకునేదాకా కండోమ్ లేకుండా ఒప్పుకోవద్దు. ఒప్పుకోకపోతే దెబ్బలు తప్పని ఇల్లయితే ఆ సంగతి కౌన్సెలర్‌కు చెప్పండి. మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181.

అయితే ఎవరి వల్ల వచ్చినట్టు? మా ఆవిడ తప్పు చేసిందా?

పరీక్ష కాగితం ఆ మాట చెప్పదు. ట్రైకోమొనాస్ ఆడవాళ్లలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండగలదు. మగవాళ్లలోనూ నెలలు ఉండొచ్చు. పెళ్లికి ముందుదై ఉండొచ్చు, ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు. లక్షణాలు ముందు కనబడింది భార్యలో కాబట్టి ఆమె తెచ్చిందనడం లెక్క తప్పడమే. ఆడవాళ్లలో అది బయటపడుతుంది, మగవాళ్లలో దాక్కుంటుంది, అంతే తేడా. ఈ ఒక్క అపార్థంతో పుట్టింటికి పంపేసిన కాపురాలున్నాయి. గజ్జి అయితే కాపురం మాట పక్కన పెట్టండి, మేనల్లుడు పక్కలో పడుకున్నా వస్తుంది.

ఈ మాత్రలు వేసుకుంటూ క్వార్టర్ వేయొచ్చా?

వద్దు. వాంతులు, గుండెదడ, ముఖం ఎర్రబడటం రావచ్చని మందు కాగితం మీదే ఉంటుంది. అది అనుకున్నంత ఎక్కువగా జరగదని ఈమధ్య కొందరు వైద్యులు అంటున్నా, మాత్రలు వేసుకునే రోజులూ, తర్వాత మూడు రోజులూ మానేయడం మేలు. నోట్లో ఇనుప రుచి, మూత్రం ముదురు రంగులో రావడం ఈ మాత్రలతో మామూలే. వాటికి భయపడి ఆపొద్దు.

గజ్జికి ఇచ్చిన క్రీము దురద ఉన్నచోట రాస్తే చాలా?

చాలదు. మందు పనిచేయక కాదు, రాయడం తేడాగా ఉండి తగ్గనివాళ్లే ఎక్కువ. 5 శాతం పర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా, దురద లేని చోట కూడా రాయాలి. వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డులో, రొమ్ముల కింద, గజ్జల్లో, పిరుదుల మధ్య, పురుషాంగం, వృషణాల మీద. పెద్దవాళ్లకు 30 గ్రాముల ట్యూబు ఒకటి దాదాపు పూర్తిగా పడుతుంది. ట్యూబు సగం మిగిలిందంటే సరిగ్గా రాయలేదని లెక్క. రాత్రి పడుకోబోయే ముందు, చల్లబడి ఆరిన ఒంటికి రాసి 8 నుంచి 14 గంటలు ఉంచి పొద్దున స్నానం చేయాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్లీ రాయాలి. రెండేళ్లలోపు పిల్లలకు, ముసలివాళ్లకు తలకూ ముఖానికీ కూడా, కళ్లూ నోరూ వదిలేసి. వారం తర్వాత ఇంకోసారి. ఇంట్లో అందరూ, పడకలో తోడున్నవాళ్లూ అదే రాత్రి రాసుకోవాలి. వేపాకు, పసుపు రాస్తే హాయిగా ఉండొచ్చు, దాన్నే నమ్ముకుని ఊరుకోవద్దు.

కింద పేలకు కిరసనాయిలు, చేనుకు కొట్టే మందు రాయొచ్చా?

ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పత్తికి, వేరుశనగకు కొట్టే మందు మర్మాంగాల పల్చటి చర్మం నుంచి నేరుగా రక్తంలోకి పోతుంది. ప్రాణం మీదికొస్తుంది. కిరసనాయిలు ఒళ్లు కాలుస్తుంది, అగ్గి అంటుకుంటుంది. 1 శాతం పర్మెత్రిన్ లోషన్ రాసి 10 నిమిషాలకు కడిగేసి, సన్నపళ్ల దువ్వెనతోనో గోటితోనో గుడ్లు తీసేస్తే సరి. 9-10 రోజులకు మళ్లీ చూసి, బతికినవి ఉంటే ఇంకోసారి. కనురెప్పల మీద ఉంటే ఆ లోషన్ వాడకూడదు, కంటికి పెట్టే ఆయింట్‌మెంట్ డాక్టరు రాస్తారు.

కడుపుతో ఉన్నాను. మందులు వాడొచ్చా?

వాడాలి, డాక్టరుకు నెల చెప్పి. ట్రైకోమొనాస్‌ను వదిలేస్తే ఉమ్మనీరు ముందే పోవడం, నెలలు నిండకముందే కాన్పు, బిడ్డ బరువు తక్కువ కావడం జరగొచ్చు. మెట్రోనిడజోల్ గర్భిణులకు ఇస్తారు, టినిడజోల్ ఇవ్వరు. పర్మెత్రిన్ రాసుకోవచ్చు. గజ్జికి మింగే ఐవర్‌మెక్టిన్ మాత్ర మాత్రం గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు. ఇంట్లో ఇంకెవరికో రాసిన మాత్ర మీరు వేసుకోవద్దు.

## ఇంట్లో

మాకు నీళ్లే వారానికోసారి. బొంతలు, దుప్పట్లన్నీ ఉడకబెట్టాలా?

అక్కర్లేదు. గజ్జి పురుగు మనిషి ఒంటికి దూరంగా రెండు మూడు రోజులకు మించి బతకదు, పేను ఒకటి రెండు రోజులు. మందు రాసుకునే ముందు మూడు రోజుల్లో కట్టుకున్న బట్టలు, తువ్వాలు, దుప్పటి మాత్రం వేడినీళ్లలో నానబెట్టి ఉతికి ఎండలో ఆరేయండి. కుట్ల దగ్గర ఇస్త్రీ పెట్టండి. ఉతకలేని బొంతను పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి గట్టిగా బిగించి ఓ మూల పెట్టండి. గజ్జికి వారం, పేలకు గుడ్లు కూడా ఉంటాయి కాబట్టి రెండు వారాలు. ట్రైకోమొనాస్‌కు బట్టలతో పని లేదు, మామూలుగా ఉతుక్కుంటే చాలు. ఇల్లంతా పురుగుల మందు కొట్టడం దండగ.

మా కుక్కకు గజ్జి ఉంది. దాని నుంచి వచ్చిందా?

కుక్క గజ్జి పురుగు వేరు రకం. మనకు కొన్నాళ్లు దురద పెట్టొచ్చు గానీ మన ఒంట్లో వంశం పెంచుకోదు. మనిషి పేలు కుక్కకూ పట్టవు.

## తగ్గాక

మళ్లీ ఎప్పటి నుంచి కలవొచ్చు?

ట్రైకోమొనాస్ అయితే ఇద్దరి కోర్సూ పూర్తయి, లక్షణాలు పోయేదాకా ఆగండి. ఒక్క డోసు మందైనా వేసుకున్నాక వారం ఆగాలి. పేలు, గజ్జి అయితే ఇద్దరికీ మందు పడి, బట్టలు మార్చి, తిరిగి చూసినప్పుడు ఏమీ లేదని తేలాక.

గజ్జికి రెండుసార్లు రాసినా దురద తగ్గలేదు. మళ్లీ మొదలైందా?

పురుగు చచ్చినా దాని తొక్క, గుడ్లు చర్మంలో ఉన్నంతకాలం దురద ఉంటుంది. 2 నుంచి 4 వారాల దాకా మామూలే. ఆ దురద చూసి ప్రతి రెండు రోజులకూ క్రీము రాస్తే ఒళ్లు మండి అదొక కొత్త బాధ. నాలుగు వారాలు దాటినా, కొత్త పొక్కులు వస్తున్నా వెళ్లి చూపించుకోండి.

వచ్చే వారం సుగ్గికి పోతున్నాం. మందులు సగంలో ఉన్నాయి.

మాత్రలు వెంట తీసుకెళ్లండి, మిగిలిన రోజులవి ముందే అడిగి తీసుకోండి. గుంటూరు మిరప చేలల్లోనైనా, బెంగళూరు కట్టడాల దగ్గరైనా రేకుల షెడ్లో పది మందీ ఒకే చోట పడుకుంటారు కాబట్టి గజ్జి ఉంటే పోయే ముందే రెండు విడతలూ పూర్తి చేసుకోవడం మంచిది. చీటీ పారేయొద్దు, ఏ ఊరి ప్రభుత్వాసుపత్రిలోనైనా అది చూసి మందిస్తారు.

ఆయన కువైట్‌లో ఉన్నాడు. నాకు ట్రైకోమొనాస్ అన్నారు. ఇప్పుడేం చేయాలి?

మీరు ఇప్పుడే కోర్సు పూర్తి చేయండి, ఆయన వచ్చేదాకా ఆగొద్దు. ఫోన్లో ఆయనకు మందు పేరు చెప్పండి, అక్కడే డాక్టరుకు చూపించుకోమనండి. అక్కడ వీలుకాకపోతే వచ్చిన మర్నాడే ఇక్కడి క్లినిక్‌కి ఇద్దరూ కలిసి వెళ్లండి. రెండేళ్లకోసారి వచ్చే మనిషికి నెల సెలవు, అందులో వారం ఆగమంటే ఎవరికైనా కోపం వస్తుంది. అందుకే వచ్చే ముందే మాట్లాడుకోవడం నయం. ఆయన మందు అయ్యేదాకా కండోమ్.

తగ్గిపోయింది. మళ్లీ పరీక్ష ఎందుకు?

ట్రైకోమొనాస్ ఒకసారి వచ్చి తగ్గితే మళ్లీ రాకుండా ఒంట్లో రక్షణేమీ ఏర్పడదు. చికిత్స తీసుకున్న ఆడవాళ్లలో కొందరికి కొద్ది నెలల్లోనే తిరిగి సోకుతుంది, అందుకే లక్షణాలు లేకపోయినా 3 నెలలకు ఒకసారి చూపించుకోమంటారు. హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్లు ఏటా ఒకసారి చేయించుకోవాలి. తారీఖు మర్చిపోతామనుకుంటే ఓపీ చీటీ వెనకే రాయించుకోండి.